నాసాసంధానము: సుశ్రుతుని గ్రంథమును, పూనా ఇటుకలవాని కత్తియు

శరీరసౌందర్యమునకై శస్త్రచికిత్స చేయించుకొనుట నేఁడు సామాన్యవిషయమైనది. ముక్కును తీర్చుట, వ్రాలిన కనుఱెప్పల నెత్తుట, ముడుతలను మాన్పుట, మచ్చలను పోఁగొట్టుట మొదలగు కర్మలకు నగరములందలి వైద్యశాలలలో ప్రత్యేకవిభాగములే యేర్పడియున్నవి. ఈ విద్య ప్రసక్తి వచ్చినప్పుడెల్ల మన సభలలో నొకమాట వినవచ్చుచుండును. దీనికి మూలపురుషుఁడు సుశ్రుతుఁడనియు, ఐరోపావారు దీనిని మనవద్దనే నేర్చికొనిరనియు నా మాట. ఇందు రెండంశములు కలవు. మొదటిది గ్రంథమును బట్టి నిర్ణయింపవలసినది. రెండవది చరిత్రమును బట్టి. రెంటిని కలగలిపి చెప్పుటచేతనే మనవారిలోఁ గొందఱు అతిశయోక్తికిని, ఆ యతిశయోక్తిమీఁది విసుగుచే మఱికొందఱు సర్వనిషేధమునకును దిగుచున్నారు. గ్రంథమేమి చెప్పుచున్నదో, 18వ శతాబ్దిలో కత్తి పట్టినవాఁడేమి చేసెనో వేఱువేఱుగాఁ జూచి, పిమ్మట రెంటిని పోల్చుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

సుశ్రుతసంహిత యొక్కనాఁడు పుట్టిన గ్రంథము కాదు. పొరలు పొరలుగాఁ బెరిగినది. దాని వ్రాతప్రతులలోఁ గాలము తెలిసిన ప్రాఁతది నేపాళమున కాఠమాండూ నగరమందలి కైసర్ గ్రంథాలయమున నున్న తాళపత్రప్రతి. అది క్రీ.శ. 878 నాఁటిది. గ్రంథమంతకంటె నెంతయో ప్రాఁతదనుటకు సందేహములేదు గాని, వేల యేండ్ల లెక్కలను నిశ్చయముగాఁ జెప్పువారిని మాత్రము ఆధారమడుగవలసియే యుండును.

ఈ సంహితయందు సూత్రస్థానమున 16వ యధ్యాయమునకు కర్ణవ్యధబంధవిధి యని పేరు. పేరునుబట్టియే యిది ప్రధానముగా చెవిని గూర్చిన యధ్యాయమని తెలియుచున్నది. బిడ్డలకు చెవులు కుట్టుట యేల యనుదానికి ఆచార్యుఁడు రెండు ప్రయోజనములను జెప్పెను: ఒకటి రక్ష, రెండవది భూషణము. చదువరులు ఈ రెండవమాటను గమనింపవలెను. అందమునకై దేహమునకు శస్త్రము తగిలించుట యాధునికుల వ్యామోహమని నిందించువారికి ఈ యధ్యాయముయొక్క యారంభమే సమాధానము చెప్పుచున్నది. కుట్టిన చెవికి వత్తులు పెట్టి రంధ్రమును క్రమముగాఁ బెంచుట, దోషముచేతనో దెబ్బచేతనో తమ్మె రెండుగాఁ జీలుట, చీలినదానిని మరల నతుకుట, ఇదియే యధ్యాయముయొక్క నడక. అతుకు విధములు 15. నేమిసంధానకము, ఉత్పలభేద్యకము, వల్లూరకము మొదలుకొని కాకౌష్ఠకమువఱకు వానికిఁ బేర్లు పెట్టఁబడినవి. వానిలోఁ గడపటి యైదును అసాధ్యములని యాచార్యుఁడే చెప్పెను. తనచేతఁ గాని పనిని కాదని చెప్పఁగలిగినవాఁడే యా పనిని చేసి చూచినవాఁడని నా నమ్మకము. కేవలము కల్పించి వ్రాయువాఁడు పదునైదింటిని సాధ్యములే యనియుండును.

రోగికిఁ జెప్పిన పథ్యములును అట్టివే. అతికిన చెవిని కదలింపరాదు. పగటినిద్ర, వ్యాయామము, అతిభోజనము, స్త్రీసంగమము, అగ్నితాపము, ఎక్కువ మాటలాడుట కూడదు. నెత్తురు దుష్టమైనప్పుడు గాని, మితిమీఱి కాఱుచున్నప్పుడు గాని, క్షీణించినప్పుడు గాని సంధానము చేయరాదు. నేఁటి శస్త్రవైద్యుఁడు కత్తి పట్టుటకు ముందు నెత్తురును పరీక్షించుటకును, పిమ్మట రోగిని కొన్నిదినములు కదలకుండ నుంచుటకును ఇవే కారణములు. మాటలు మాత్రము వేఱు.

ఇఁక ముక్కు. దీనికి గ్రంథమునఁ గొలఁది శ్లోకములే కలవు. తెగిన ముక్కుకొలఁదికి సరిపోవు ఆకు నొకదానిని చెట్టునుండి కొని, ఆ కొలఁత ప్రకారము చెక్కిలి ప్రక్కనుండి మాంసమును కోసి, ముక్కు మొండెమును గీఱి నెత్తురు చేసి, యేమఱక వెంటనే దానిపై నతికించి, బాగుగాఁ గట్టు కట్టవలెను. ఊపిరికై రెండు గొట్టములను దూర్చి ముక్కును పైకెత్తి నిలుపవలెను. పతంగచెక్క, అతిమధురము, అంజనము, వీని పొడిని చల్లి, తెల్లని దూదితోఁ గప్పి, నువ్వులనూనెతోఁ బలుమాఱు తడుపవలెను. రోగికి నేయి త్రాగించి, అది జీర్ణమైన పిదప విరేచనమీయవలెను. క్రొత్త ముక్కు చిన్నదైనచోఁ బెంచుటకు యత్నింపవలెను. మాంసమెక్కువైనచోఁ గోసి సమముచేయవలెను. వాగ్భటుఁడును అష్టాంగహృదయముయొక్క ఉత్తరస్థానమున నీ విధినే చెప్పి, కోసిన చెక్కిలిని సూదితోఁ గుట్టవలెనని స్పష్టపఱచెను. మన యాంధ్రదేశమందలి ప్రాఁత వైద్యకుటుంబములలో వాగ్భటము చదువనివారరుదు. ఐనను ఆ శ్లోకములను వల్లించినవారిలో ముక్కు నతికినవారిని గూర్చిన కథ యొక్కటియు నాకు వినవచ్చినది కాదు.

ఇచ్చట నొక ముఖ్యమైన చిక్కు కలదు. చెక్కిలినుండి కోసిన మాంసము పూర్తిగా వేఱుచేయఁబడినదా, లేక యొకకొస యంటియుండఁగనే త్రిప్పి యతుకఁబడినదా? ఇది చిన్నవిషయము కాదు. ఈ విద్యకంతకు ప్రాణమిదియే. దళసరి మాంసఖండమును పూర్తిగాఁ గోసి వేఱొకచోట నతికినచో దానికి నెత్తురందక రెండుమూఁడు దినములలో నల్లబడి కుళ్లిపోవును. ఒక కొస దేహమునకంటియున్నచో, ఆ కొసగుండ ధమనులు నెత్తురును గొనివచ్చుచుండఁగా, క్రొత్తచోట నదుకు కుదురువఱకు మాంసము బ్రదికియుండును. నాసికాశ్లోకములయందు ఈ సంగతి యొక్కమాటలో విప్పి చెప్పఁబడలేదు. అందుచేతఁ గొందఱు సుశ్రుతునకీ రహస్యము తెలియదనిరి. నాకు వారి వాదము సమంజసముగాఁ దోఁపలేదు. అదే యధ్యాయమున, తమ్మె లేనివానికి చెక్కిలినుండి మాంసమును లేపి తమ్మెను గల్పించు విధిని జెప్పుచు, ఆ మాంసమునకు ఆచార్యుఁడు రెండు విశేషణములను జేర్చెను: అది సానుబంధముగా నుండవలెను, జీవించుచుండవలెను. అనుబంధముతోఁ గూడిన సజీవమాంసమనఁగా ఒకకొస యంటియున్నదనియే యర్థము. చెవికిఁ దెలిసినవానికి ముక్కునకుఁ దెలియదనుట పొసఁగదు. అదియునుగాక, నాసికావిధి చివర, అదుకు కుదిరిన పిమ్మట అర్ధశేషమును మరలఁ గోయవలెనని కలదు. అంటించి యుంచిన కొస యొకటి లేనిదే తరువాతఁ గోయవలసిన శేషమేది? ముందువెనుకల వాక్యములతోఁ గలిపి చదివినచో గ్రంథము తన్ను తానే వ్యాఖ్యానించుకొనుచున్నది.

ముక్కు తెగుట యంత తఱచుగా నుండెనా యని సందేహము కలుగవచ్చును. ఉండెననియే చెప్పవలెను. ముక్కు చెవులు కోయుట మన దేశమున దండనగాను, పగగాను, యుద్ధనీతిగాను నడచినది. శూర్పణఖ కథ యెఱుఁగని బాలుఁడు లేఁడు. కౌటిల్యుని యర్థశాస్త్రమున అంగచ్ఛేదదండనలలో ముక్కుచెవులు చేరియున్నవి. 17వ శతాబ్ది నడుమ మైసూరు సేనకును, మధురను పాలించిన తెలుఁగు నాయకుల సేనకును జరిగిన పోరునకు ముక్కుల యుద్ధమనియే పేరు నిలిచినది. ఆ కాలమున నక్కడనున్న జెసూటు పాదరులు దానిని తమ లేఖలలో వర్ణించిరి. ప్రాణము తీయక ముఖమును చెఱచుట యందలి క్రౌర్యమేమనఁగా, అట్టివాఁడు సంఘమునఁ దలయెత్తుకొని తిరుగలేఁడు. ముక్కు పోయెననుటకు మన భాషలో పరువు పోయెననియే యర్థము. కావున ముక్కు నతుకువాఁడు చేయునది యలంకారమా, ప్రాణదానమా యను భేదము ఆ కాలపువారికి లేకుండెను.

ఇప్పుడు 1794వ సంవత్సరమునకు వత్తము. ఆ యేఁడు అక్టోబరు నెలలో లండనునగరమున వెలువడిన జెంటిల్మన్స్ మాగజైను అను పత్రికయందు బి.ఎల్. అను పొడియక్షరములతో నొక లేఖ ప్రకటింపఁబడెను. దానితోఁగూడ జేమ్సు వేల్సు అను చిత్రకారుఁడు చిత్రించిన రూపమునుండి చెక్కిన పటము నుండెను. లేఖలోని కథ యిది. కావస్జీ యనువాఁడు మహారాష్ట్రదేశపు కాఁపువాఁడు. 1792 నాఁటి యుద్ధమున నాంగ్లసేనకు ఎడ్లబండ్లు తోలుచుండెను. టిప్పూసుల్తానునకుఁ జెఱపడఁగా, వాని ముక్కును ఒక చేతిని గోయించిరి. అతఁడు శ్రీరంగపట్టణముకడ బొంబాయి సేనను జేరికొని, కంపెనీవారి పింఛనుదారుఁడాయెను. సుమారు 12 నెలలు ముక్కులేకయే యుండెను. అటుపిమ్మట పూనా సమీపమున, ఇటుకలు చేయు కులమునకుఁ జెందిన యొకఁడు వానికిఁ గ్రొత్త ముక్కును పెట్టెను. ఇట్టి కర్మను బొంబాయి రాజధానికిఁ జెందిన క్రూసో, ఫిండ్లే యను నిరువురు దొరలు, వైద్యులు, కన్నులారఁ జూచిరి.

కావస్జీ యనునది పారసీకుల పేరు. మహారాష్ట్రపు కాఁపునకు ఆ పేరుండుట వింతగా నున్నది. దొరలు చెవికి వినఁబడినట్లు వ్రాసికొన్న పేళ్లలో నిట్టివి పెక్కు. ఇంతకంటె దీనిని సాగఁదీయుట యనవసరము.

ఆ కర్మయొక్క క్రమము లేఖలో నెంతయు స్పష్టముగా వర్ణింపఁబడినది. ముందుగా పలుచని మైనపురేకును ముక్కు మొండెముపై నమర్చి, చక్కని ముక్కుగా దిద్దిరి. దానిని తీసి చదునుచేసి నుదుటిపైఁ బఱచి, దాని యంచుల వెంబడి గీఁత గీసిరి. గీఁత లోపలి చర్మమును, కన్నుల నడుమ నొక సన్నని పట్టెను మాత్రము కోయక విడిచి, మిగిలినదంతయు నుదుటినుండి లేపిరి. ముక్కు మొండెముపై మానిన మచ్చను చెక్కి, దాని వెనుకనే పై పెదవివఱకు చర్మమున నొక గాటు పెట్టిరి. నుదుటిచర్మమును సగము త్రిప్పి క్రిందికి దించి, దాని యంచును ఆ గాటులోఁ జొనిపిరి. కాచును నీటితో మెత్తఁజేసి గుడ్డపీలికలకుఁ బూసి, అయిదాఱు పీలికల నొకదానిపై నొకటి యదుకుమీఁద నతికించిరి. నాలుగు దినములు వేఱుకట్టు లేదు. పిమ్మట వానిని తీసి, నేతిలో ముంచిన గుడ్డలను వేసిరి. అయిదాఱు దినములు రోగి వెల్లకిలఁ బరుండవలెను. పదవదినమున మెత్తని గుడ్డముక్కలను నాసారంధ్రములు మూసికొనిపోకుండఁ బెట్టిరి. సుమారు 25వ దినమున, కన్నులనడుమ విడిచిన పట్టెను గోసి, ముక్కురూపమును మఱికొంత చక్కఁజేసిరి. ఈ కర్మ చాలవఱకు సఫలమే యగుననియు, క్రొత్త ముక్కు సహజమైనదానికిఁ జాలఁ దీసిపోదనియు, నుదుటి మచ్చ కాలక్రమమున నంతగాఁ గానరాదనియు లేఖకుఁడు చెప్పెను.

రోగి పేరు నిలిచినది. చిత్రకారుని పేరు, చూచిన దొరల పేళ్లు నిలిచినవి. కత్తి పట్టినవాని పేరు ఆ లేఖలో లేదు. ఇటుకలవాఁడని కులము మాత్రమే చెప్పఁబడినది. ఈ విద్యాచరిత్రమునఁ బెక్కు వంశములకు మూలమైన యా మనుష్యునికి మనము నామధేయమైనను వ్రాయఁజాలమనునది నాకు మిక్కిలి బాధాకరముగాఁ దోఁచును.

ఇఁక పోలిక. గ్రంథమున ఆకు, పూనాలో మైనము. గ్రంథమునఁ జెక్కిలి, పూనాలో నుదురు. గ్రంథమున పతంగము, అతిమధురము, అంజనము, పూనాలో చండ్రచెక్కనుండి తీసిన కాచు. గ్రంథమున గొట్టములు, పూనాలో గుడ్డముక్కలు. ఇన్నింట భేదించుచున్నను, ముందు కొలఁత తీయుట, మొండెమును పచ్చిచేయుట, వగరుగల యౌషధముతో నెత్తురు నాఁపుట, నేతిని వాడుట, శేషమును తరువాతఁ గోసి రూపమును దిద్దుట యనునవి రెండింట నొక్కటియే. ఇటుకలవాఁడు సంహితను చదివి చేసెననుటకు వీలులేదు. చదివినవాఁడైనచోఁ జెక్కిలిని గోసియుండును. సంహితతో సంబంధమేమియు లేదనుటకును వీలులేదు. ఇన్ని యంశములు కాకతాళీయముగాఁ గలియవు. నాకుఁ దోఁచునదేమనఁగా, గ్రంథమును చేతిపనియు నొకే ప్రాఁత వృక్షముయొక్క రెండు కొమ్మలు. గ్రంథము వ్రాసినచోట నిలిచిపోయినది. చేతిపని తరతరములుగా మాఱుచు మెఱుఁగెక్కినది. చెక్కిలికంటె నుదురు మేలనుట యనుభవముచేతఁ గనిపెట్టినదే. నుదుటిచర్మము ముక్కుచర్మమునకు రంగునందును దళసరియందును సరిపోవును. కనుబొమల లోపలికొసలనుండి నుదుటిమీఁదికెక్కు ధమనులు ఆ సన్ననిపట్టెగుండ నెత్తురును ధారాళముగాఁ బంపును. శరీరశాస్త్రపుస్తకము నెఱుఁగకయే పూనావాఁడు ఆ పట్టెను సరిగా నచ్చటనే విడిచెను. పచ్చిమట్టిని చేతితో రూపుదిద్దు కులమువానికి చదునైన రేకునుండి నిలువుముక్కును జేయు లెక్క సులభమై యుండును గాఁబోలు.

ఐరోపాఖండమునకు ఈ విద్య బొత్తిగాఁ గ్రొత్తది కాదని కూడ నిష్పక్షపాతముగాఁ జెప్పవలెను. క్రీ.శ. 1వ శతాబ్దివాఁడైన రోమకుఁడు సెల్ససు, చెవి, పెదవి, ముక్కులందలి లోపములను ప్రక్కచర్మమును జరిపి పూరించు విధిని వ్రాసెను. 15వ శతాబ్దిలో సిసిలీద్వీపమందలి కటానియా నగరమున బ్రాంకా యను తండ్రికొడుకులు ముక్కులను చేయుటలోఁ బ్రసిద్ధులు. బొలోనా విద్యాపీఠాచార్యుఁడైన గాస్పరె టాలియాకోట్సీ (1545-1599) ఈ విషయమున 1597లో వెనిసునగరమున నొక పెద్దగ్రంథమును ప్రకటించెను. అతఁడు చర్మమును భుజమునుండి లేపి, చేతిని ముఖమునకు వారములకొలఁదిఁ గట్టియుంచి యతికెడివాఁడు. అతని తరువాత ఆ విద్య యచ్చట నించుమించుగా మఱుగుపడెను. సుశ్రుతసంహిత బాగ్దాదునగరమున బర్మకీమంత్రుల యాజ్ఞచే మంఖుఁడను భారతీయునిచే నరబ్బీభాషలోనికి మార్పఁబడెనని ఇబ్న్ అల్ నదీము 10వ శతాబ్దిలో వ్రాసిన గ్రంథసూచివలనఁ దెలియుచున్నది. ఆ మార్గముననే సిసిలీకి ముక్కువిద్య చేరెనని మనవారు వ్రాయుట కలదు. బాగ్దాదునుండి కటానియాకు నడిపించు లేఖ యేదియు వారు చూపలేదు. కాఁబట్టి దీనిని ఊహగానే యుంచుట న్యాయము.

లండనులో మాత్రము ఊహతోఁ బనిలేదు. జోసెఫ్ కాన్‌స్టాన్టైను కార్ప్యూ అను శస్త్రవైద్యుఁడు భారతదేశపు కర్మను గూర్చి విని, యిచ్చట నుండి వచ్చినవారి నడిగి తెలిసికొని, మృతశరీరములపైఁ బలుమాఱు అభ్యసించెను. 1814 అక్టోబరు 23వ తేదీని చెల్సీయందలి యార్కు వైద్యశాలలో నొక సైనికోద్యోగికి నుదుటిచర్మముతో ముక్కును చేసెను. మత్తుమందు ఇంకను పుట్టలేదు. ఈథరు వాడుక బోస్టనులో లోకమునకు వెల్లడియైనది 1846లో. ఆ యుద్యోగి కత్తి క్రింద మెలఁకువతోనే యుండెను. రెండవరోగి 1811 నాఁటి ఆల్బువేరా యుద్ధమున ముఖము నఱుకఁబడినవాఁడు. ఈ రెండు కర్మలను 1816లోఁ గార్ప్యూ పుస్తకముగాఁ బ్రకటించెను. బెర్లినులో గ్రేఫె యను వైద్యుఁడు 1818లోఁ దన గ్రంథమునకు రినోప్లాస్టిక్ అని పేరు పెట్టెను. నుదుటివిధికి ఐరోపావైద్యులు భారతీయవిధి యనియే నేఁటికిని వ్యవహరించుచున్నారు. ఆ పేరు వారు పెట్టినదే. మనము కోరి పెట్టించుకొన్నది కాదు.

సంహిత మూలము కలకత్తాలో మధుసూదనగుప్తుని పరిష్కరణముతో నచ్చుపడినది 1835-36లో. హెస్లరు లాటినులోనికిఁ జేసిన యనువాదము 1844లో మొదలై 1850లో ముగిసెను. అనఁగా కార్ప్యూ కత్తి పట్టిన యిరువదియేండ్లకుఁ గాని మూలము అచ్చున వెలువడలేదు. ఐరోపావారు మనవద్ద నేర్చికొన్నమాట నిజము. నేర్చికొన్నది మాత్రము పండితునివద్దఁ గాదు, ఇటుకలవానివద్ద. గ్రంథమును కాపాడినవారు కత్తిని విడిచిరి. కత్తిని కాపాడినవారికి గ్రంథము చదువు హక్కు లేకపోయెను. సుశ్రుతుఁడో యట్లు విడఁదీయలేదు. సూత్రస్థానముననే యోగ్యాసూత్రీయ మను 9వ యధ్యాయమున, శిష్యుఁడు గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపైఁ గోఁతను, బట్టపైఁ గుట్టును, బొమ్మపైఁ గట్టును, మెత్తని మాంసపుముక్కలపైనను కలువకాడలపైనను చెవియతుకును అభ్యసింపవలెనని విధించెను. సర్వశాస్త్రములు చదివినను చేయి తిరుగనివాఁడు కర్మకు పనికిరాఁడని యా యధ్యాయముయొక్క తాత్పర్యము. ఆ యధ్యాయమును వల్లించి పరీక్షలు నెగ్గినవారిలో నెందఱు గుమ్మడికాయ నైనను గోసిరో! మధుసూదనగుప్తుఁ డిందుల కపవాదము. సంహిత నచ్చువేయించిన యా వైద్యపండితుఁడే 1836లోఁ గలకత్తా వైద్యకళాశాలలో మానవశవమును ఛేదించి, కులాచారమునకు వెఱవక క్రొత్తదారి తీసెను.

చేతిపనియు వెంటనే నశింపలేదు. కాంగడాప్రాంతమునఁ గొన్ని కుటుంబములు ముక్కులు చేయుటను వంశవృత్తిగా నడపినవి. జూనాగఢమున వైద్యాధికారియైన త్రిభువనదాసు మోతీచందు షా, బందిపోట్లు ముక్కులు కోసిన దీనులకుఁ జికిత్సచేసి, సుమారు నూఱుమంది వృత్తాంతములతో 1889లో నొక గ్రంథమును ప్రకటించెను. ఇందూరున కీగను దొర చేసిన మార్పులు 1900లో లండనునఁ బుస్తకముగా వచ్చినవి.

చర్మవిషయమున గ్రంథము మఱింత విపులము. చరకుఁడు వర్ణమును మెఱుఁగుపఱచు పది ద్రవ్యములను జెప్పెను. చందనము, పొన్న, వట్టివేరు, అతిమధురము, మంజిష్ఠ, సుగంధిపాల మొదలగునవి వానిలోనివి. సుశ్రుతుఁడు క్షుద్రరోగములలో వ్యంగమును వర్ణించెను. కోపముచేతను శ్రమచేతను ప్రకోపించిన వాతము పిత్తముతోఁ గలిసి ముఖమున నొప్పిలేని పలుచని నల్లమచ్చను గలిగించునట. మన తెలుఁగువారి మంగు ఇదియే. యువకుల మొటిమలను బూరుగుముండ్లతోఁ బోల్చెను. వ్రణమునకుఁ జెప్పిన 60 ఉపక్రమములలో, మానినచోటు తెల్లబడినచో నల్లఁజేయుటకు కృష్ణకర్మయు, నల్లబడినచోఁ దెల్లఁజేయుటకు పాండుకర్మయు, వెండ్రుకలు మొలిపించుటయు, తొలఁగించుటయుఁ గలవు. పుండు మానుటతో వైద్యుని పని ముగియలేదనియు, చర్మము మునుపటి రూపమునకు రావలెననియు నాచార్యుని భావము.

ఐరోపాలో ఆమ్లములతోఁ బైచర్మము నొలిపించు పద్ధతిని హాంబర్గువాఁడైన ఉన్నా 1882లో వివరించెను. 1898లో బెర్లినున జాక్ జోసెఫ్, రోగమేమియు లేని పెద్దముక్కును, రోగి కోరినందున, చిన్నదిగాఁ జేసెను. పోయినదానిని తెచ్చుటనుండి ఉన్నదానిని మార్చుటకు విద్య తిరిగినది ఈ కాలముననే. 1899లో వియన్నాలో గెర్సునీ చర్మము క్రింద పారఫీను మైనమును సూదితో నెక్కించి పల్లములను పూరింపఁజూచెను. కొన్నియేండ్లకే ఆ మైనము గడ్డలుగట్టి, కదలి, ముఖములను వికారపఱచుటచే నది విడువఁబడెను. పూనావాఁడు మైనమును కొలఁతకు వాడి తీసివేసెను. వియన్నావాఁడు లోపలనే యుంచెను.

నేఁడు ముఖమును దిద్దించుకొనఁగోరువారు తెలిసికొనవలసిన దీ చరిత్రమునుండియే కొంత కలదు. ఆమ్లముతో నొలిచినను, కిరణములతోఁ గాల్చినను, చర్మమునకుఁ గలుగునది కొలఁతగల గాయమే. అది మానునప్పుడు క్రొత్తచర్మము వచ్చును. మన దేశపు చామనచాయ చర్మము గాయపడినచో నల్లబడుట యధికము. కావున లోఁతైన ఒలుపు మనవారికి మచ్చను పోఁగొట్టుటకు మాఱుగా మచ్చను తెచ్చిపెట్టవచ్చును. చికిత్సపిమ్మట నెండను దప్పించుకొనుమని వైద్యులు చెప్పుట యిందులకే. బోటులినమను విషమును సూక్ష్మమాత్రలో నెక్కించి నొసటిముడుతలను సడలించుట అమెరికాలో 2002లో నంగీకృతమైనది. దాని ప్రభావము మూఁడునాలుగు మాసములు మాత్రమే. పల్లములను పూరించుటకు హయలురానికామ్లమును నెక్కించుట మఱియొకటి. కనుబొమల నడుమ దానిని అజాగ్రత్తగా నెక్కించినచో, అచ్చటి ధమనిలోఁ బడి, కంటి ధమనివఱకు వెనుకకుఁ బ్రాకి, దృష్టినే హరింపవచ్చును. కావస్జీ నుదుటిచర్మమును బ్రదికించినది ఆ ధమనియే. ఆ చోటును తక్కువ ధరకు అంగడిలో, శరీరశాస్త్రము చదువనివాని సూదికప్పగించువారు ఈ యొక్క సంగతినైనను తెలిసికొని పోవుట మంచిది.

మొదటి ప్రపంచయుద్ధమున ముఖములు ఛిన్నమైన సైనికులకు సిడ్‌కప్ వైద్యశాలలో హారొల్డు గిల్లీసు చికిత్సచేసినప్పుడు, నుదుటిచర్మముతో ముక్కులు చేయుటయు నందొకటి. నేఁడును, ముక్కుపైఁ గాన్సరు గడ్డను కోసితీసిన పిమ్మట పెద్దలోపమును పూరింపవలసివచ్చినచో, వైద్యులు తఱచుగా నవలంబించునది నుదుటివిధియే. కనుబొమ లోపలికొసవద్ద నొక పట్టెను విడిచి, చర్మమును త్రిప్పి దించి, సుమారు మూఁడువారములకు ఆ పట్టెను గోయుదురు. పూనాలో అది 25వ దినము.